తల్లిదండ్రులను హోమ్‌లో చేర్చే ముందు ఏం చూడాలి?

(రోగుల బంధువుల ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగం)



వార్డులో డిశ్చార్జి రాసే రోజున చాలామంది మమ్మల్ని పక్కకు పిలిచి ఒక మాట అడుగుతారు. "సిస్టర్, నాన్నకు పక్షవాతం వచ్చింది. మేమిద్దరం పనికి పోయేవాళ్ళం. ఎక్కడైనా మంచి హోమ్ ఉంటే చెప్పండి." ఈ మాట గొంతు తగ్గించి అడుగుతారు. ఏదో తప్పు చేస్తున్నట్టు తల దించుకుని అడుగుతారు.

ముందు ఆ బరువు దించుకుందాం. ఇంట్లో చూసే మనిషి లేనప్పుడు, ఉన్న మనిషికి శక్తి చాలనప్పుడు, పెద్దవారిని మంచి చోట ఉంచడం పాపం కాదు. మన ప్రభువు సిలువ మీద అంత బాధలో ఉండి కూడా తన తల్లిని నమ్మకమైన శిష్యునికి అప్పగించారు. మనం కూడా ఎవరికి అప్పగిస్తున్నామో చూసుకుని అప్పగించాలి. సిగ్గుపడేవారు ఈ పనిని త్వరగా ముగించుకోవాలని చూస్తారు. ఒకసారి వెళ్ళి, ఆఫీసు గదిలో కూర్చుని, డబ్బు కట్టి వచ్చేస్తారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఒక పెద్దామెను ఒక హోమ్ నుంచి మా వార్డుకు తెచ్చారు. ఉతికిన చీర కట్టారు, తల దువ్వారు. పక్కకు తిప్పి చూస్తే నడుము కింద ఎముక కనిపించేంత లోతు పుండు ఉంది. ఆమె కొడుకు నెలనెలా తప్పకుండా డబ్బు పంపాడు. రెండుసార్లు వచ్చి చూశాడు కూడా. ముఖం చూసి, పండ్లు ఇచ్చి వెళ్ళాడు. వీపు కూడా చూడాలని అతనికి ఎవరూ చెప్పలేదు. మీకు ఆ కష్టం రాకూడదని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

వీటన్నిటిలో ఒక్క మాట గుర్తుంచుకోండి. ఒక హోమ్ ఎలాంటిదో తెలియాలంటే, అక్కడ అందరికంటే అశక్తులైన మనిషి ఎలా ఉన్నారో చూడండి. నడవగలిగినవారు నీళ్ళు అడిగి తాగుతారు, అన్నం చాలకపోతే గొడవ చేస్తారు. నోరు పడిపోయినవారికి, లేవలేనివారికి, చూడటానికి ఎవరూ రానివారికి ఏం అందుతోందో అదే ఆ హోమ్ అసలు సేవ. రేపు మీ అమ్మగారికి అందేది కూడా అదే.

మీ మనిషికి ఏం కావాలి?

హోమ్‌లన్నీ ఒకటి కావు. తమ పని తాము చేసుకోగలిగిన పెద్దలకు నీడ, భోజనం, తోడు ఇచ్చే వృద్ధాశ్రమాలు ఉన్నాయి. మంచం పట్టినవారికి, ముక్కు గొట్టం, యూరిన్ గొట్టం ఉన్నవారికి నర్సులు ఉండి చూసే చోట కావాలి. క్యాన్సర్ ముదిరి నొప్పితో ఉన్నవారికి నొప్పి తగ్గించే వైద్యం తెలిసిన చోట కావాలి. మానసిక వ్యాధి ఉన్నవారిని చేర్చుకుని వైద్యం, సంరక్షణ ఇచ్చే సంస్థలు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదై ఉండాలి. ఆ కాగితం చూపించమని అడిగే హక్కు మీకుంది.

డిశ్చార్జికి ముందే మమ్మల్ని, డాక్టరుగారిని అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. తనంతట తాను తినగలరా? బాత్‌రూమ్‌కి నడవగలరా? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? ఇన్సులిన్ ఉందా? మతిమరుపుతో బయటకు వెళ్ళిపోతారా? ఈ కాగితం చేతిలో పెట్టుకుని హోమ్‌కి వెళ్ళండి. ఇంకొక ప్రశ్న తప్పకుండా వేయండి: "ఇప్పుడు నడుస్తున్నారు సరే, రేపు మంచం పడితే ఉంచుకుంటారా, తీసుకుపొమ్మంటారా?" కొన్ని చోట్ల మంచం పట్టినవారిని ఉంచుకోరు. అది తప్పు కాదు, కానీ మీకు ముందే తెలియాలి.

చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి

మొదటిసారి ఫోన్ చేసి వెళ్ళండి. అంతా తిరిగి చూపిస్తారు, వివరాలు చెబుతారు. రెండోసారి చెప్పకుండా వెళ్ళండి. భోజనం వేళకు గాని, సాయంత్రం 7 గంటలకు గాని, ఆదివారం గాని వెళ్ళండి. మనుషులు తక్కువగా ఉండేది అప్పుడే. "ఈ వేళలో లోపలికి రానివ్వం" అంటే కారణం అడగండి. స్నానాల వేళ ఆపితే అర్థముంది. ఎప్పుడు వెళ్ళినా గేటు దగ్గరే ఆపితే ఆలోచించుకోవాలి.

లోపల అడుగు పెట్టగానే వాసన గమనించండి. ఒక మంచం దగ్గర మూత్రం వాసన వస్తే అప్పుడే పక్క తడిసి ఉండవచ్చు, అది ఎక్కడైనా జరిగేదే. వెళ్ళిన రెండుసార్లూ హాలు అంతా అదే వాసన ఉంటే పక్కలు సమయానికి మార్చడం లేదన్నమాట. మరీ ఘాటుగా ఫినాయిల్ వాసన వచ్చినా దాని వెనుక ఏముందో చూడండి.

గేటు మీద సిలువ ఉందనో, దేవుని పటం ఉందనో, పెద్దలు ప్రారంభించారనో నమ్మేయకండి. మా సంఘాలు నడిపే హోమ్ అయినా సరే, ఇవే ప్రశ్నలు అడగండి. మంచిగా నడిపేవారికి ఈ ప్రశ్నల వల్ల కోపం రాదు.

చివరి మంచం దగ్గరకు వెళ్ళండి

చాలాకాలంగా మంచం మీదే ఉన్నవారిని ఒకసారి పలకరించవచ్చా అని అడగండి. వారి దుప్పటి తీయవద్దు, ఫోటోలు తీయవద్దు. వారి పరువు కూడా మన పరువే. నమస్కారం పెట్టి, పక్కన నిలబడి, పైకి కనిపించేవి చూస్తే చాలు.

పెదవులు, నాలుక ఎండి ఉన్నాయా? గోళ్ళు కత్తిరించారా? కంటి పుసులు తుడిచారా? నీళ్ళ గ్లాసు చేతికి అందేలా ఉందా, గది మూల బల్ల మీద ఉందా? పిలవడానికి గంట ఉందా? యూరిన్ బ్యాగు మూత్రాశయం కంటే కింద వేలాడుతోందా, నేల మీద పడి ఉందా? ముక్కు గొట్టంతో ఆహారం ఇచ్చేటప్పుడు తల వైపు ఎత్తి ఉంచుతున్నారా? చదునుగా పడుకోబెట్టి పోస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకు వస్తుంది.

తర్వాత ఇన్‌చార్జిని అడగండి: "ఇప్పుడు ఎంతమందికి పడక పుండ్లు ఉన్నాయి? కట్టు ఎవరు కడతారు? పక్క తిప్పిన వేళలు రాసే చార్టు చూపిస్తారా?" కదలలేని మనిషిని సాధారణంగా 2 గంటలకొకసారి పక్క మార్చాలి. కొందరికి డాక్టరు వేరే వేళలు చెప్పవచ్చు. ఎయిర్ బెడ్ వేసినా తిప్పడం మానకూడదు. "మా దగ్గర ఎవరికీ ఎప్పుడూ పుండ్లు రావు" అన్న మాటను నేను అంతగా నమ్మను. "ఇద్దరికి ఉన్నాయి, ఇదిగో ఇలా చూస్తున్నాం" అని పుస్తకం తెరిచి చూపిస్తే నమ్ముతాను.

పనిచేసేవారి గురించి అడగండి

పగలు ఎంతమంది ఉన్నారని కాదు, రాత్రి ఎంతమంది మెలకువగా ఉంటారని అడగండి. 30 మందికి ఒక్క ఆయా ఉంటే, ఆమె ఎంత మంచిదైనా 2 గంటలకొకసారి అందరినీ తిప్పలేదు. తెల్లచీర కట్టిన ప్రతివారూ నర్సు కారు. శిక్షణ పొంది, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన నర్సు ఏ వేళల్లో ఉంటారు, డాక్టరు ఎన్నాళ్ళకు ఒకసారి వస్తారు, అర్ధరాత్రి ఆయాసం వస్తే ఏ ఆసుపత్రికి తీసుకువెళతారు అని అడగండి.

ఆయాలతో కూడా మాట్లాడండి. "ఇక్కడ ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నావమ్మా?" అని అడగండి. మనుషులు నెలనెలా మారిపోయే చోట మీ నాన్నగారి అలవాట్లు ఎవరికీ తెలియవు. ఆయాలు పెద్దవారిని పేరుతోనో, అమ్మా, నాన్నా, తాతా అనో పిలుస్తున్నారా, లేక మంచం నంబరుతోనా? ఆడవారికి స్నానం ఆడవారే చేయిస్తున్నారా? తలుపు వేసి, తెర కట్టి చేయిస్తున్నారా? అన్నం తినిపించేటప్పుడు పక్కన కూర్చున్నారా, నిలబడి త్వరత్వరగా కుక్కుతున్నారా? ఇవి చూడటానికి నర్సింగ్ చదవనక్కరలేదు.

మందులు

ప్రతి మనిషికీ పేరు రాసిన వేరు డబ్బా, మందుల చార్టు, ఇచ్చినవారి సంతకం ఉండాలి. అందరి మాత్రలూ ఒకే ట్రేలో కలిసి ఉంటే ఒకరి మందు ఇంకొకరికి పోతుంది. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంచుతున్నారా, పైనున్న మంచు గడ్డ అరలో పెట్టలేదు కదా అని చూడండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఇన్సులిన్ వేశాక అన్నం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. చెమట పడుతుంది, వణుకు వస్తుంది, మాట తడబడుతుంది. అప్పుడు ఏం చేస్తారని ఆయానే అడగండి. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే గ్లూకోజు గాని, 3 చెంచాల పంచదార నీళ్ళలో కలిపి గాని ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ సమాధానం అక్కడ ఉన్న అందరికీ నోటికి వచ్చి ఉండాలి.

నిద్రమాత్రల గురించి కూడా అడగండి. డాక్టరు రాయకుండా, రాత్రి గొడవ చేయకుండా ఉండాలని మాత్రలు ఇవ్వడం పెద్దవారికి ప్రమాదం. మత్తులో లేచి పడిపోతారు, తుంటి ఎముక విరుగుతుంది. పగలు వేళ హాలులో అందరూ తలలు వాల్చి తూగుతుంటే కారణం అడగండి.

ప్రమాదం వస్తే ఎలా?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక హోమ్‌లో నిప్పు అంటుకుంది. 28 మంది చనిపోయారు. వారిని గొలుసులతో కట్టేసి ఉంచారు, పారిపోలేకపోయారు. రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం ఏ రూపంలోనూ అనుమతించదు. మీరు వెళ్ళిన చోట ఎవరి చేతులైనా, కాళ్ళైనా మంచానికి కట్టి కనిపిస్తే ఎందుకని అడగండి. "ముక్కు గొట్టం పీకేసుకుంటే ఏం చేస్తారు?" అని కూడా అడగండి. "కట్టేస్తాం" అని ఠక్కున చెబితే అది మంచి జవాబు కాదు. పక్కన మనిషిని కూర్చోబెడతాం, గొట్టం ఇంకా అవసరమా అని డాక్టరును అడుగుతాం అంటే అది మంచి జవాబు.

రాత్రి గేటుకు, గది తలుపులకు తాళం వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఆ మనిషి లోపలే పడుకుంటారా? బయటకు పోవడానికి రెండో దారి ఉందా, దాని ముందు బియ్యం బస్తాలు పెట్టారా? మంటలార్పే సిలిండర్ గోడకు ఉంటే సరిపోదు, ముల్లు పచ్చ గీతలో ఉందా, మళ్ళీ నింపవలసిన తేదీ దాటిందా చూడండి. లేవలేనివారిని మేడ మీద ఉంచితే, కరెంటు లేనప్పుడు ఎలా దించుతారని అడగండి.

బాత్‌రూమ్‌లోకి మీరే వెళ్ళి చూడండి. పెద్దవారు పడేది ఎక్కువగా అక్కడే. నేల జారుతోందా? కమోడ్ పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉందా? అది పట్టుకుని లాగితే ఊగుతోందా? రాత్రి దీపం వెలుగుతుందా? వేడినీళ్ళు ముందు ఎవరైనా చేతితో చూసి పోస్తున్నారా? పక్షవాతం వచ్చిన వైపు, ముదిరిన షుగర్ ఉన్నవారి కాళ్ళకు వేడి తెలియకపోవచ్చు. కాలాక గాని తెలియదు.

డబ్బు, కాగితాలు

నెలకు ఎంత, అందులో ఏవి కలిసి ఉన్నాయి, డైపర్లకు, మందులకు, అంబులెన్సుకు వేరేగా ఎంత, అడ్వాన్సు ఏ పరిస్థితిలో తిరిగి ఇస్తారు - ఇవన్నీ రాసి ఇవ్వమనండి. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోండి. జబ్బు ఎక్కువైతే ముందు ఎవరికి ఫోన్ చేయాలో రెండు నంబర్లు రాయించండి.

పెన్షన్ పుస్తకం, ఏ.టి.ఎం. కార్డు, ఇంటి పత్రాలు హోమ్‌లో ఇవ్వకండి. ఆధార్ నకలు చాలు. ఆస్తి రాసిస్తే జీవితాంతం చూస్తామని ఎవరైనా అంటే తొందరపడి సంతకం పెట్టించకండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూడకపోతే ఆ రాతను రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. మన జిల్లాల్లో దానికి ఆర్.డి.ఓ. ఆఫీసులో అడగాలి. కానీ ముసలితనంలో ఆఫీసుల చుట్టూ తిరగడం కంటే ముందే జాగ్రత్తపడటం మేలు.

చేర్చిన తర్వాతే అసలు పని

మంచి సమరయుని కథ మీలో చాలామంది విన్నారు. దెబ్బలు తిన్న మనిషిని సత్రంలో చేర్చి, పూటకూళ్ళవానికి డబ్బు ఇచ్చాడు. అంతటితో వదిలేయలేదు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని చెప్పి వెళ్ళాడు. ఇతను మళ్ళీ వస్తాడని ఆ పూటకూళ్ళవానికి తెలుసు. మీ గురించి కూడా హోమ్‌వారికి అలాగే తెలియాలి. ఎవరో ఒకరు వచ్చి చూసే మనిషి మీద ఎక్కడైనా శ్రద్ధ ఎక్కువ ఉంటుంది. ఇది చేదు మాటే, కానీ నిజం.

మొదటి నెల వారానికి ఒకసారైనా వెళ్ళండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వంతులు వేసుకోండి. దూరదేశంలో ఉంటే దగ్గరి బంధువునో, సంఘస్థులనో, చిన్ననాటి స్నేహితునో పంపండి. ఫోన్‌లో ముఖం చూసి సరిపెట్టుకోవద్దు.

వెళ్ళినప్పుడు తలుపు వేసి, అమ్మగారిని అడిగి, మీరే పక్కకు తిప్పి చూడండి. నడుము కింద ఎముక దగ్గర, తుంటి మీద, మడమల మీద చూడండి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కండి. తెల్లబడి మళ్ళీ ఎరుపు వస్తే భయం లేదు, నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలవుతోందన్నమాట. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు తెలియదు. నల్లబడటం, వేడిగా ఉండటం, గట్టిపడటం చూసుకోవాలి. నెలకొకసారి బరువు తూయించి రాసుకోండి. 50 కిలోల మనిషి ఒక్క నెలలో రెండున్నర కిలోలు తగ్గితే డాక్టరుకు చూపించాలి.

"ఎలా ఉంది?" అని ఆయా ముందు అడిగితే "బాగానే ఉంది" అంటారు. కాసేపు ఇద్దరే కూర్చోండి. "నిన్న రాత్రి ఏం తిన్నావమ్మా? రాత్రి లేస్తే ఎవరొచ్చారు?" అని చిన్న చిన్నవి అడగండి. ఇదివరకు మాట్లాడే మనిషి మౌనమైపోయినా, ఒక ఆయా రాగానే ముడుచుకుపోయినా, చేతి కండల మీద వేళ్ళ గుర్తులు కనిపించినా వదిలేయకండి. అయితే చూసిన వెంటనే గొడవకు దిగకండి. రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దలకు చిన్న ఒత్తిడికే చర్మం కమిలిపోతుంది. తేదీ వేసి రాసుకోండి, ఇన్‌చార్జిని అడగండి, డాక్టరుకు చూపించండి.

చెప్పినా మార్పు లేకపోతే అక్కడ ఉంచకండి. వయోవృద్ధుల కోసం 2021 నుంచి దేశమంతటా 14567 అనే ఉచిత హెల్ప్‌లైన్ ఉంది. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతుంది. ప్రాణాపాయం, హింస ఉంటే 112కి చేయండి.

మన వైపు నుంచి

హోమ్‌వారితో మనమూ నిజాయితీగా ఉండాలి. ఫిట్స్ వస్తాయని, రాత్రి బయటకు వెళ్ళిపోతారని, క్షయకు మందులు వాడుతున్నారని చెబితే చేర్చుకోరేమోనని కొందరు దాచేస్తారు. దాని వల్ల మీ మనిషికే కాక, పక్క మంచం మనిషికి కూడా అపాయం. డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీ పూర్తిగా ఇవ్వండి. కొందరు తప్పు చిరునామా ఇచ్చి, ఫోన్ మార్చేసి మళ్ళీ కనిపించరు. చూడవలసిన పెద్దవారిని అలా విడిచిపెట్టి పోవడం 2007 చట్టం కింద నేరం. 3 నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

అన్నిటికంటే ముందు వెళ్ళవలసిన మనిషిని అడగండి. మాట పోయినవారు కూడా చేయి నొక్కి, తల ఊపి చెప్పగలరు. వీలైతే ఒకసారి తీసుకువెళ్ళి ఆ గది, ఆ మంచం చూపించండి. వారి దుప్పటి, కళ్ళజోడు, వినికిడి మిషన్, బైబిల్ గాని భగవద్గీత గాని ఖురాన్ గాని, రోజూ చేతిలో ఉండేవి వెంట పంపండి.

ఇంట్లోనే ఉంచుకోవాలని మనసుంటే, ఎలా చూడాలో తెలియక మాత్రమే భయపడుతుంటే, డిశ్చార్జికి ముందే మాకు చెప్పండి. పక్క తిప్పడం, ముక్కు గొట్టంతో ఆహారం ఇవ్వడం, ఇన్సులిన్ వేయడం వార్డులోనే మీ చేత చేయించి నేర్పిస్తాం. నేర్చుకున్నాక కూడా హోమే మేలనిపిస్తే సంకోచం లేకుండా అక్కడికే పంపండి. ఆ నేర్చుకున్నది వృథా కాదు. అక్కడ ఎవరు సరిగా చేస్తున్నారో, ఎవరు చేయడం లేదో మీ కళ్ళకు తెలుస్తుంది.

దేవుడు మీ పెద్దవారికి నెమ్మదిని, మీకు ఓపికను దయచేయును గాక. మీ ప్రశ్నలు అడగండి, కూర్చుని మాట్లాడుకుందాం.